ఉగాది క్విజ్: సినిమా సంగీతం ప్రశ్నలు ఒకసారి సరిచూసి పెట్టండి

ఏడు రోడ్ల శ్రోత (కడప)
ఆదివారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. ఉగాదికి మా కాలనీలో పిల్లలకూ పెద్దలకూ కలిపి ఒక క్విజ్ పెడుతున్నాం. సినిమా సంగీతం, పురస్కారాల భాగం నా నెత్తిన పడింది. నేను జమాఖర్చులు రాసుకునే మనిషిని. పాటలు వింటాను, అంతవరకే.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, మూడు నెలల కిందట మా అమ్మాయి ఒక కాలేజీ క్విజ్‌కు వెళ్లింది. శంకరాభరణం సంగీతానికి జాతీయ పురస్కారం ఏ సంవత్సరానిది అని అడిగారట. 1979 అని రాసింది. తప్పన్నారు. వాళ్ల కాగితంలో 1980 ఉంది. ఒక్క మార్కు తేడాతో రెండో బహుమతి. ఆ రోజు ఇంట్లో ఓళిగలు చేస్తే ముట్టుకోలేదు. మా క్విజ్‌లో ఇంకొకరి పిల్లకు ఆ గతి పట్టకూడదు.

అనుమానం ఉన్నవి నాలుగు పెడుతున్నాను.

14. శంకరాభరణం సంగీతానికి వచ్చిన జాతీయ పురస్కారం ఏ సంవత్సరానిది? జవాబు: 1979.
17. తెలుగు సినిమాలకు రెండుసార్లు జాతీయ పురస్కారం అందుకున్న ఏకైక సంగీత దర్శకుడు ఎవరు? జవాబు: ఇళయరాజా.
19. సంగీత దర్శకుడు తమన్ ఎవరి మనవడు? జవాబు: గాయకుడు ఘంటసాల.
23. అన్నమయ్య సినిమాలోని కీర్తనలకు బాణీలు కట్టినది ఎవరు? జవాబు: కీరవాణి.

తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పండి.

గడియారం దగ్గర (అనంతపురం)
ఆదివారం, రాత్రి 9.48

14 విషయంలో మీ అమ్మాయి రాసిందే సరైనది, సార్. శంకరాభరణం థియేటర్లకు వచ్చింది 1980 ఫిబ్రవరి 2న. సెన్సార్ సర్టిఫికెట్ మాత్రం అంతకుముందే చేతికొచ్చింది. జాతీయ పురస్కారాలకు లెక్క ఆ సర్టిఫికెట్ తేదీయే కానీ విడుదల తేదీ కాదు. అందుకే అది 1979 సంవత్సరపు పట్టికలో ఉంది. సంగీతానికి కె.వి. మహదేవన్, గానానికి బాలు, వాణీ జయరాం. ఆ కాలేజీ వాళ్లు విడుదల తేదీ చూసి జవాబు రాసుకుని ఉంటారు. ప్రశ్నలు తయారుచేసేవాళ్లు చేసే తప్పుల్లో ఇది అన్నిటికన్నా పాతది.

19 పూర్తిగా తప్పు. తమన్ ఇంటిపేరు ఘంటసాలే. కానీ ఆయన తాత గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు కాదు, నిర్మాత, దర్శకుడు ఘంటసాల బలరామయ్య. అక్కినేని నాగేశ్వరరావుకు శ్రీ సీతారామ జననంలో రాముడి వేషం ఇచ్చినది, బాలరాజు తీసినది ఆ బలరామయ్యే. ఇంటిపేరు ఒకటైతే చాలు, మనవాళ్లు చుట్టరికం కలిపేస్తారు.

పనిలో పనిగా తెలుగు సినిమాల సంగీతానికి వచ్చిన జాతీయ పురస్కారాలన్నీ ఒకచోట రాస్తున్నాను. 1979 శంకరాభరణం, మహదేవన్. 1982 మేఘసందేశం, రమేశ్ నాయుడు. 1983 సాగర సంగమం, ఇళయరాజా. 1988 రుద్రవీణ, మళ్లీ ఇళయరాజా. 1997 అన్నమయ్య, కీరవాణి. 2004 స్వరాభిషేకం, విద్యాసాగర్. ఆ తర్వాత పదిహేనేళ్లు ఏమీ లేదు. 2020లో అల వైకుంఠపురములో పాటలకు తమన్. 2021లో పుష్ప పాటలకు దేవిశ్రీ ప్రసాద్, అదే ఏడాది ఆర్ఆర్ఆర్ నేపథ్య సంగీతానికి కీరవాణి. మొత్తం తొమ్మిది. అందులో మూడు కె. విశ్వనాథ్ సినిమాలవే.

కఠినమైన ప్రశ్న కావాలంటే ఒకటి: 1986లో ఈ పురస్కారం మంగళంపల్లి బాలమురళీకృష్ణకు వచ్చింది, కానీ మధ్వాచార్య అనే కన్నడ సినిమాకు. ఇక మహదేవన్‌కు శంకరాభరణం మొదటిది కాదు. సంగీతానికి జాతీయ పురస్కారం పెట్టిన తొలి ఏడాది, 1967లోనే, కందన్ కరుణై అనే తమిళ సినిమాకు ఆయనకే ఇచ్చారు.

బురుజు నీడ (కర్నూలు)
ఆదివారం, రాత్రి 10.05

తొమ్మిది పేర్లూ చదివాను, అన్నా. సాలూరు రాజేశ్వరరావు లేడు. పెండ్యాల లేడు. ఘంటసాల లేడు. మల్లీశ్వరి పాటలకు బహుమతి ఇవ్వని దేశంలో ఎవరికి ఇస్తే నాకేమిటి?

గడియారం దగ్గర (అనంతపురం)
ఆదివారం, రాత్రి 10.20

కోపం సరే కానీ, తేదీలు చూడండి. మల్లీశ్వరి 1951. జాతీయ పురస్కారాలు మొదలైందే 1953 సినిమాలతో. సంగీతానికి విడిగా పెట్టింది 1967లో. పాతాళభైరవి, మిస్సమ్మ, మాయాబజార్, జగదేకవీరుని కథ అన్నీ దానికి ముందువే. ఆ బహుమతే పుట్టనప్పుడు ఎవరిస్తారు?

బురుజు నీడ (కర్నూలు)
ఆదివారం, రాత్రి 10.26

1967 తర్వాత రాజేశ్వరరావు, పెండ్యాల హార్మోనియం పెట్టెలు అటక మీద పెట్టేశారా? డెబ్బైల్లోనూ పాటలు కట్టారు కదా.

గడియారం దగ్గర (అనంతపురం)
ఆదివారం, రాత్రి 10.31

అది నిజమే. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

రాత్రి బస్సు (కదిరి, ఇప్పుడు బెంగళూరు)
ఆదివారం, రాత్రి 11.15

పెద్దలందరూ 1951 దగ్గరే ఆగిపోయారు. ఇప్పటివాళ్ల గురించి నేను చెబుతాను. ఈ రంగంలో పురస్కారం కన్నా ఎవరి దగ్గర ఎవరు వాయించారన్నది ఆసక్తిగా ఉంటుంది. రాజ్–కోటిలో రాజ్ టి.వి. రాజు కొడుకు, కోటి మన సాలూరు రాజేశ్వరరావు కొడుకు. ఇద్దరూ సంగీత దర్శకుడు చక్రవర్తి దగ్గర పనిచేశారు. వాళ్ల పాటలకు కీబోర్డు వాయించిన కుర్రాడు తర్వాత ఎ.ఆర్. రహ్మాన్ అయ్యాడు, 2009లో రెండు ఆస్కార్లు పట్టుకొచ్చాడు. కీరవాణి కూడా చక్రవర్తి దగ్గర సహాయకుడిగా ఉన్నవాడే. కీరవాణి దగ్గర కీబోర్డు వాయించినది మణిశర్మ. మణిశర్మ దగ్గర పనిచేసినవాడు తమన్. వరుస చూడండి: చక్రవర్తికి జాతీయ పురస్కారం లేదు, రాజ్–కోటికి లేదు, మణిశర్మకు లేదు. ముందు వెనకల వాళ్లకు ఉంది.

ఏడు రోడ్ల శ్రోత (కడప)
సోమవారం, ఉదయం 6.40

రహ్మాన్ పేరు వచ్చింది కాబట్టి మా ఊరి మాట ఒకటి. మా పెద్ద దర్గా ఉరుసుకు ఆయన వస్తూనే ఉంటారు. వచ్చిన రోజు ఆ వీధిలో అడుగు పెట్టడానికి ఉండదు. మా పక్కింటాయన ఫోను పైకెత్తి తీసిన ఫొటోలో తల వెనక భాగం ఒకటి కనిపిస్తుంది. అది రహ్మాన్‌దేనని పదేళ్లుగా వాదిస్తున్నాడు.

19 మార్చాను. ధన్యవాదాలు. 23 గురించి ఎవరూ మాట్లాడలేదు. సరైనదే అనుకోవచ్చా?

తాళ్లపాక బాట (రాజంపేట)
సోమవారం, ఉదయం 7.25

అనుకోవద్దు, అన్నా. నేను మాట్లాడాల్సింది దాని గురించే.

నేను పిల్లలకు సంగీతం చెబుతాను. పోయిన ఏడాది ఒక చిన్నపిల్ల చేరింది. ఏదైనా పాడమంటే ‘అదివో అల్లదివో’ ఎత్తుకుంది. గొంతు బాగుంది, శ్రుతిలో ఉంది. పల్లవి అయ్యాక ఆగలేదు. చరణానికి ముందు వచ్చే వాయిద్యాల ముక్కను కూడా ‘డుండుం డుడుడుం’ అంటూ నోటితోనే పూర్తిచేసి, అప్పుడు చరణంలోకి వెళ్లింది. ఆ పిల్ల లెక్కలో అదంతా అన్నమయ్యే రాశాడు. నవ్వు ఆపుకోవడానికి తంబురా వైపు తిరిగి కూర్చున్నాను.

అసలు సంగతి ఏమిటంటే, 1922 ప్రాంతంలో తిరుమల గుడిలో బయటపడిన రాగిరేకుల మీద కీర్తన ఉంది, దాని పైన రాగం పేరు ఉంది. స్వరం లేదు. అన్నమయ్య ఏ వరుసలో పాడాడో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. మనం ఈ రోజు ‘అన్నమయ్య బాణీ’ అనుకునేవన్నీ ఇరవయ్యో శతాబ్దంలో ఎవరో ఒకరు కూర్చుని కట్టినవే. ఆ పని తొలినాళ్లలో చేసినవారిలో పెద్దవారు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు. అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో 1893లో పుట్టారు. మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పి, తర్వాత తిరుపతికి వచ్చి, రేకుల మీది సాహిత్యానికి స్వరం కట్టి అచ్చువేయించారు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1974లో సంగీత కళానిధి ఇచ్చింది.

కాబట్టి ‘కీర్తనలకు బాణీలు కట్టినది ఎవరు’ అని మీరు అడిగితే, ఏ కీర్తన అని మేము అడుగుతాము. సినిమాలో కీరవాణి కొత్తగా కట్టినవి ఉన్నాయి, అప్పటికే కచేరీల్లో జనానికి అలవాటైన వరుసను తీసుకుని అలంకరించినవీ ఉన్నాయి, వేటూరి రాసిన పూర్తి కొత్త పాటలూ ఉన్నాయి. ఒక్క మాటలో జవాబు చెప్పించే ప్రశ్న కాదు ఇది.

రాత్రి బస్సు (కదిరి, ఇప్పుడు బెంగళూరు)
సోమవారం, ఉదయం 9.02

అక్కా, అలాగైతే కీరవాణికి ఆ పురస్కారం ఇవ్వకూడదంటారా?

తాళ్లపాక బాట (రాజంపేట)
సోమవారం, ఉదయం 9.30

ఆ మాట నేను అనలేదు. మా ఊరి దగ్గర రోడ్డు పక్కన 108 అడుగుల అన్నమయ్య విగ్రహం ఉంది. బస్సులో పోయేవాళ్లు దాన్ని చూసి చెయ్యెత్తి దండం పెడతారు. వాళ్లలో చాలామందికి అన్నమయ్య అంటే రాగిరేకులు గుర్తుకు రావు, ఆ సినిమా పాటలే గుర్తుకొస్తాయి. ఆ పని చేసినవాడికి పురస్కారం ఇవ్వవలసిందే. ‘బాణీ’ అనే ఒక్క మాట దగ్గరే నా తగాదా.

గడియారం దగ్గర (అనంతపురం)
సోమవారం, ఉదయం 10.15

అమ్మ చెప్పింది సరిగ్గా ఉంది. పురస్కారం పేరే ‘సంగీత దర్శకత్వం’. బాణీకి ఇచ్చే బహుమతి కాదు అది. ఏ గొంతు పాడాలి, ఎక్కడ వీణ ఆగాలి, ఎక్కడ మృదంగం ఒక్కటే ఉండాలి, ఏ పాట సగంలో తెంచాలి, ఇవన్నీ కలిపితే సంగీత దర్శకత్వం.

శంకరాభరణంలోనూ అదే కదా. ‘సామజవరగమన’ త్యాగరాజుది, ‘పలుకే బంగారమాయెనా’ రామదాసుది, ‘బ్రోచేవారెవరురా’ మైసూరు వాసుదేవాచార్యులది, ‘మానస సంచరరే’ సదాశివ బ్రహ్మేంద్రులది. వీటి పక్కన వేటూరి రాసిన ‘శంకరా నాదశరీరాపరా’, ‘దొరకునా ఇటువంటి సేవ’. వినేవాడికి అతుకు ఎక్కడా కనిపించదు. మహదేవన్ గొప్ప ఆ అతుకు కనిపించకపోవడంలో ఉంది. మరో సంగతి, మహదేవన్ చాలావరకు ముందు సాహిత్యం చేతికి వచ్చాకే వరుస కట్టేవారు. ఆయన వెనక ఎప్పుడూ సహాయకుడు పుహళేంది ఉండేవారు. శాస్త్రీయ శిక్షణ లేని బాలు చేత ఆ పాటలు పాడించడంలో పుహళేంది పడిన శ్రమ గురించి బాలు చాలాసార్లు చెప్పారు. పురస్కారాల పట్టికలో పుహళేంది పేరు వెతకండి, దొరకదు.

పెన్న గట్టు (ప్రొద్దుటూరు)
సోమవారం, మధ్యాహ్నం 2.50

రెండు రోజులుగా చదువుతున్నాను. పుహళేంది పేరు చూశాక ఊరుకోలేకపోయాను.

నేను పద్య నాటకాలకు హార్మోనియం, పెళ్లి ఆర్కెస్ట్రాలకు ఏది ఖాళీగా ఉంటే అది వాయించేవాడిని. సురభి నాటకాలు పుట్టిన జిల్లా మనది, హార్మోనియం వాయించేవాడికి ఇక్కడ అన్నానికి లోటు లేదు. తొంభైల్లో ఒకసారి మద్రాసులో ఒక సినిమా పాటకు కంజీర వాయించడానికి వెళ్లాను. మామూలుగా వాయించే ఆయనకు జ్వరం. తెలిసినవాళ్లు నా పేరు చెప్పారు. రాత్రి రైలెక్కి వెళ్లాను.

కంజీర సంగతి తెలియనివాళ్లకు: ఒక చేత్తో పట్టుకుని వాయించే చిన్న తోలు వాయిద్యం అది. చర్మం వెనక వైపు నాలుగు చుక్కల నీళ్లు చల్లి వేలితో రుద్దితే శ్రుతి దిగుతుంది, గుమ్మని పలుకుతుంది. ఆ రికార్డింగ్ గదిలో ఏసీ. నేను తడిపిన చర్మం రెండు నిమిషాల్లో ఆరి బిగుసుకుని కీచుమంటుంది. మళ్లీ నీళ్లు, మళ్లీ టేకు. నాలుగో టేకు బాగా వచ్చిందనుకున్నాను. అద్దం వెనకనుంచి ఇంజనీరు చెయ్యి ఊపాడు, ఏదో టిక్కుమంటోందని. అందరూ వెతికారు. చివరికి వాయిద్యాలవాళ్లను నడిపించే కండక్టర్ నా దగ్గరకు వచ్చి, ఎడమ చెయ్యి పట్టుకుని చూశాడు. ఉంగరం. కంజీర పట్టుకున్నప్పుడల్లా అది చట్రానికి తగులుతోంది. పెళ్లినాటి ఉంగరం, వేలు లావెక్కింది, రాదు. సబ్బునీళ్లు తెప్పించి ఆయనే ఊడదీశాడు, తన చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఆ కండక్టర్ చేతిలో నాలుగు పేజీల నొటేషన్. అంతా ఆయన రాసిందే. ఎనిమిది వయొలిన్లకు ఎవరెవరు ఏమి వాయించాలో గీసి ఉంది. రెండో చరణానికి ముందు ముక్క కుదరడం లేదని అక్కడికక్కడే పెన్సిలుతో కొట్టేసి, వయొలిన్లను ఆపి, వేణువు, కంజీర మాత్రం ఉంచాడు. సంగీత దర్శకుడు విన్నాడు, తల ఊపాడు. ఈ రోజుకీ జనం ఆ పాట అనగానే ఈల వేసేది ఆ ముక్కే. కేసెట్టు వచ్చాక అట్ట తిప్పి చూశాను. సంగీత దర్శకుడి పేరు, కవి పేరు, గాయకుల పేర్లు. కండక్టర్ పేరు లేదు. నా సంగతి సరే, ఒక్క పూట కూలి.

సంగీత దర్శకుడిని తప్పుపట్టడం లేదు. బాణీ ఆయనదే, తల ఊపింది ఆయనే. ఆ తల ఊపడం కూడా పనే. వద్దని కూడా అనగలిగేవాడు కదా.

బురుజు నీడ (కర్నూలు)
సోమవారం, మధ్యాహ్నం 3.12

ఉంగరం తిరిగి ఇచ్చాడా, అన్నా?

పెన్న గట్టు (ప్రొద్దుటూరు)
సోమవారం, మధ్యాహ్నం 3.20

ఇచ్చాడు. నేను సెంట్రల్ స్టేషన్ దాకా పోయి గుర్తొచ్చి వెనక్కి పరుగెత్తాను. గేటు దగ్గర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

రాత్రి బస్సు (కదిరి, ఇప్పుడు బెంగళూరు)
సోమవారం, సాయంత్రం 6.05

ఈ విషయంలో ఆస్కార్ వాళ్ల పద్ధతి కొంచెం నయం అనిపిస్తుంది. 2023 మార్చిలో నాటు నాటుకు ఇచ్చినప్పుడు వేదిక మీదకు కీరవాణి, చంద్రబోస్ ఇద్దరూ వెళ్లారు. ఇద్దరి చేతుల్లోనూ బొమ్మలున్నాయి. పాట అంటే బాణీ, మాట కలిసినదేనని వాళ్ల లెక్క. మన జాతీయ పురస్కారాల్లో కవికి వేరు, సంగీతానికి వేరు, గాయకుడికి వేరు. 2021 పురస్కారాల్లో చంద్రబోస్‌కు సాహిత్యానికి వచ్చింది, కానీ కొండపొలం పాటకు. కీరవాణికి వచ్చింది ఆర్ఆర్ఆర్ నేపథ్య సంగీతానికి. పాటల పురస్కారం అదే ఏడాది పుష్పకు పోయింది. ప్రపంచమంతా మెచ్చిన పాటకు ఇక్కడ సంగీతం బహుమతీ లేదు, సాహిత్యం బహుమతీ లేదు!

తాళ్లపాక బాట (రాజంపేట)
సోమవారం, సాయంత్రం 6.40

ఆస్కార్‌లో పాడినవాళ్లకు లేదు కదా, తమ్ముడూ. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ వేదిక మీద పాడి వచ్చారు, అంతే. మన దగ్గర కనీసం కాలభైరవకు ‘కొమురం భీముడో’ పాడినందుకు జాతీయ పురస్కారం వచ్చింది. ఏ పద్ధతిలోనైనా ఎవరో ఒకరు గడప బయటే ఉంటారు.

వేరు వేరుగా ఇవ్వడంలో ఒక మేలు కూడా ఉంది. మాతృదేవోభవలో ‘రాలిపోయే పువ్వా’కు వేటూరికి సాహిత్య పురస్కారం వచ్చింది. ఆ పాటకు సంగీతం కీరవాణి, పాడినదీ ఆయనే. ఆ ఏడాది సంగీతం బహుమతి వేరే సినిమాకు పోయింది. రెండూ ముడిపెట్టి ఉంటే వేటూరికీ వచ్చేది కాదేమో.

బురుజు నీడ (కర్నూలు)
సోమవారం, రాత్రి 8.10

ఢిల్లీ, అమెరికా అయిపోయాయి. మన నంది మాటేమిటి? అనంతపురం అన్న పలకడం లేదు.

గడియారం దగ్గర (అనంతపురం)
సోమవారం, రాత్రి 8.35

ఏమి పలకమంటారు? 1964లో మొదలుపెట్టి, ఆ బొమ్మకు లేపాక్షి నందిని నమూనాగా తీసుకున్నారు. ఏకశిల, ఇంచుమించు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. ఆ నంది మా జిల్లాదని చిన్నప్పుడు గొప్పగా చెప్పుకునేవాళ్లం. 2017లో మూడేళ్లవి ఒకేసారి ప్రకటించారు, దాని మీద పెద్ద రగడ జరిగింది, ఆ తర్వాత నంది లేవలేదు. 2022లో జిల్లాలు విడదీశాక లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. ఇప్పుడు నాకు పురస్కారమూ లేదు, నందీ లేదు.

బురుజు నీడ (కర్నూలు)
సోమవారం, రాత్రి 8.41

మల్లీశ్వరి తీసిన బి.ఎన్. రెడ్డిది పులివెందుల వైపు. మాయాబజార్ కె.వి. రెడ్డిది తాడిపత్రి. ఇంత మంచి పాటలు కట్టించుకున్న దర్శకులను ఇచ్చిన సీమ నుంచి ఆ తొమ్మిదింటిలో ఒక్క సంగీత దర్శకుడు లేడు. నందినైనా మన దగ్గర ఉంచి ఉండాల్సింది.

ఏడు రోడ్ల శ్రోత (కడప)
సోమవారం, రాత్రి 9.30

నాలుగు ప్రశ్నలు అడిగితే నలభై నేర్పారు. మార్పులు ఇవి. 14 అలాగే ఉంటుంది. ‘ఏ సంవత్సరపు పురస్కారం’ అన్న మాట కింద గీత గీస్తాను. 19కి జవాబు ఘంటసాల బలరామయ్య. 23ను ‘అన్నమయ్య సినిమాకు సంగీత దర్శకత్వం వహించి జాతీయ పురస్కారం పొందినది ఎవరు’ అని మార్చాను. దాని పక్కనే రాళ్లపల్లి వారి మీద కొత్త ప్రశ్న ఒకటి చేర్చాను. పుహళేంది మీద కూడా ఒకటి పెట్టాను, ఎవరూ చెప్పలేరని తెలిసీ.

పెన్న గట్టు గారూ, ఉగాది రోజు మీకు తీరిక ఉంటే మా కాలనీకి రండి. ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య హార్మోనియం మీద పాట ముక్కలు వినిపిస్తే బాగుంటుంది. దారి ఖర్చులు మావి, ఓళిగలు మావి. కరపత్రంలో మీ పేరు ఉంటుంది.

పెన్న గట్టు (ప్రొద్దుటూరు)
సోమవారం, రాత్రి 9.44

వస్తాను. పేరు సరే, హార్మోనియం పెట్టె మోయడానికి ఒక కుర్రాడిని బస్టాండుకు పంపండి.

ఏడు రోడ్ల శ్రోత (కడప)
సోమవారం, రాత్రి 10.20

అందరూ పడుకునే లోపల ఇంకొక్క మాట. ప్రశ్నల కాగితం అచ్చుకు ఇచ్చే ముందు మా అమ్మాయి చేతిలో పెట్టాను. ఒక్క నిమిషం చూసి, 17 దగ్గర వేలు పెట్టింది. ‘ఏకైక ఏమిటి, నాన్నా? కీరవాణికి 1997లో ఒకటి, 2021లో ఒకటి. ఇద్దరున్నారు’ అంది.

గడియారం దగ్గర గారూ, ఆ పట్టిక రాసింది మీరే కదా?

గడియారం దగ్గర (అనంతపురం)
సోమవారం, రాత్రి 10.34

నేనే. అమ్మాయిని ప్రశ్నలు తయారుచేసే పనిలో పెట్టండి, సార్. మనం జవాబులు రాద్దాం.